బల్లలో చీముగడ్డ: రంగం మార్చురీ నుండి మన వరిమడి దాకా

మా జంగారెడ్డిగూడెం మన్యానికి గుమ్మం వంటి ఊరు. ఉత్తరాన బుట్టాయగూడెం దాటితే ఏజెన్సీ కొండలు మొదలౌతాయి. దక్షిణంగా దిగితే మెట్ట నేలలు క్రమంగా పల్లమై డెల్టాలో కలుస్తాయి. మన్యపు చలిజ్వరాలు చూసిన పాతతరం వారికి ‘బల్ల’ అనే మాట బాగా తెలుసు. జ్వరం పడి పడి లేచిన పిల్లవాడికి ఎడమ డొక్క కింద గట్టిగా ఏదో తగిలితే “వీడికి బల్ల పెరిగిందే” అనేవారు. సంస్కృతంలో అది ప్లీహం. చేతికి చెక్కపలకలా తగులుతుంది కనుకనే మనవాళ్ళు దానికి బల్ల అని పేరు పెట్టి ఉంటారని నేననుకుంటాను. నిఘంటువులు ఈ వ్యుత్పత్తిని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఒకసారి తడిమి చూసినవాడు మాత్రం ఒప్పుకుంటాడు.

ఈ బల్లకు వైద్యచరిత్రలో గొప్ప స్థానమే ఉంది. 1847లో ఉత్తర హిందూస్థానంలో యమునా కాలువల వెంబడి జ్వరాలు ఎక్కువయ్యాయన్న ఫిర్యాదులను విచారించడానికి వెళ్ళిన డెంప్‌స్టర్ అనే వైద్యుడు ఊరూరా జనం పొట్టలు తడిమి, ఎందరికి బల్ల పెరిగిందో లెక్క కట్టాడు. ఆ లెక్కను బట్టి ఏ ఊరు ఎంత జ్వరపీడితమో చెప్పవచ్చునని చూపించాడు. సూక్ష్మజీవి సంగతి ఇంకా ఎవరికీ తెలియని కాలంలో, ఏ యంత్రమూ లేకుండా, కేవలం అరచేత్తో చేసిన రోగనిర్ణయం అది.

అయితే నేడు నేను చెప్పదలచింది పెరిగిన బల్లను గూర్చి కాదు. చీము పట్టిన బల్లను గూర్చి. మన పూర్వులకు ఇదీ తెలియనిది కాదు. సుశ్రుతుడు నిదానస్థానంలో విద్రధులను, అంటే చీముగడ్డలను, వివరిస్తూ శరీరం లోపల పుట్టే వాటికి స్థానాలు చెప్పాడు. యకృత్తు, వృక్కాలు, హృదయం వంటి వాటి సరసన ప్లీహాన్నీ చేర్చాడు. ప్లీహంలో విద్రధి పుడితే ఊపిరి పీల్చుకోవడానికి అడ్డు పడుతుందన్నాడు. డయాఫ్రంకు సరిగ్గా కిందనే ప్లీహం ఉంటుందని తెలిసిన నేటివారికి ఈ మాట ఎంత నిశితమైన పరిశీలనో అర్థమౌతుంది. కానీ లోపల గడ్డ ఉన్నదని చెప్పడం ఒక ఎత్తు, అది దేనివల్ల వచ్చిందో చెప్పడం మరొక ఎత్తు. ఆ రెండవ ప్రశ్న సుశ్రుతుని కాలానికి లేదు. మనకు మాత్రం ప్రాణమంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఎందుకంటే బల్లలో చీము పట్టించే సూక్ష్మజీవులలో ఒకటి మామూలు మందులకు లొంగదు. దాని పేరు తెలిసి ఇచ్చిన మందుకే లొంగుతుంది. ఆ జబ్బు పేరు మెలియాయిడోసిస్.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పిన తెలుగు పండితుణ్ణి. అయినా ఈ జబ్బు చరిత్ర చదువుతున్న కొద్దీ ఇది మనవాళ్ళ కథ కూడానని తోచింది. ఎందుకంటే ఇది మొదలైన చోటు రంగం.

రంగూన్‌ను మన తాతల తరం రంగం అనేది. “ఫలానా వారి రెండోవాడు రంగం పోయాడు” అంటే అప్పులు తీర్చడానికి పోయాడనో, ఇంట్లో అలిగి పోయాడనో అర్థం. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువారి వశమైన తరువాత ఐరావతీ డెల్టా ప్రపంచానికి బియ్యం పెట్టే గాదె అయింది. ఆ బియ్యాన్ని మరపట్టడానికీ, బస్తాలు ఓడలకెత్తడానికీ, రిక్షాలు లాగడానికీ, వీధులు ఊడ్వడానికీ చేతులు కావలసి వచ్చాయి. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుండి ఓడల కొద్దీ మనవాళ్ళు వెళ్ళారు. బర్మాలో తెలుగు కూలీలందరికీ ‘కొరంగీలు’ అని పేరు పడింది. గౌతమీ ముఖద్వారాన ఉన్న మన కోరంగి రేవు పేరే అది. 1839 నవంబరు తుపానులో ఆ రేవు సర్వనాశనమైంది. ఊరు పోయినా పేరు సముద్రం దాటి ఒక జాతి పేరై నిలిచింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె, దాని వెంట జరిగిన అల్లర్లు, 1942లో జపాను బాంబులకు వెరచి లక్షలాది జనం కాలినడకన అడవులు దాటి రావడం — ఇవన్నీ వేరే వ్యాసానికి చాలినంత విషయం. ఇక్కడ కావలసింది ఇంతే: 1911 నాటి రంగూన్ దిక్కులేని పేదలతో నిండిన వలసనగరం. అక్కడ రోడ్డు పక్కన చచ్చిపడినవారు పెద్దాసుపత్రి మార్చురీకి చేరేవారు.

ఆ మార్చురీలో పనిచేస్తున్న రోగనిదాన శాస్త్రవేత్త కెప్టెన్ ఆల్ఫ్రెడ్ విట్‌మోర్. ఇండియన్ మెడికల్ సర్వీసువాడు. ఆయనకు సహాయకుడు అసిస్టెంట్ సర్జన్ సి. ఎస్. కృష్ణస్వామి. 1911లో వీరి బల్ల మీదికి మార్ఫియా సూదులకు అలవాటుపడిన ఒక దిక్కులేనివాడి శవం వచ్చింది. కోసి చూస్తే ఊపిరితిత్తులలో జున్నులా గడ్డకట్టిన పదార్థం, కాలేయంలో, ప్లీహంలో, చర్మం కింద చీముగడ్డలు. అలాంటి గడ్డలు అంతకుముందు గుర్రాలకూ గాడిదలకూ వచ్చే గ్లాండర్స్ అనే జబ్బులో చూశారు. గుర్రాలతో మెలిగే మనుషులకు అది అప్పుడప్పుడు సోకేది. కానీ ఈ చనిపోయినవాడికి గుర్రంతో సంబంధమేమిటి? మరి కొన్నాళ్ళకు ఇలాంటివాడే మరొకడు వచ్చాడు. మళ్ళీ మరొకడు.

వారు ఆ చీమును తీసి సూక్ష్మజీవిని పెంచారు. గ్లాండర్స్ క్రిమి కదలదు; ఇది సూక్ష్మదర్శిని కింద చురుకుగా ఈదుతూ కనిపించింది. గ్లాండర్స్ క్రిమి నెమ్మదిగా, ఆపసోపాలు పడుతూ పెరుగుతుంది. ఇది మామూలు ఆగర్ మీదా, బంగాళాదుంప ముక్క మీదా దట్టంగా అలముకుంది. గినీపందులకు ఎక్కిస్తే అవే గడ్డలతో చచ్చిపోయాయి, వాటి నుండి మళ్ళీ అదే క్రిమి దొరికింది. రూపంలో చుట్టమే గాని గ్లాండర్స్ కాదు. 1912లో విట్‌మోర్, కృష్ణస్వామి ఇద్దరి పేర్లతో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్యాసం వచ్చింది — రంగూన్ జనంలో కనబడుతున్న, ఇంతవరకు ఎవరూ వర్ణించని ఒక అంటువ్యాధిని కనుగొన్న వృత్తాంతం అని. మరుసటి సంవత్సరం విట్‌మోర్ ఇంగ్లండులోని ఒక పత్రికలో 38 మంది రోగుల వివరాలతో విస్తృతంగా రాశాడు. క్రిమికి ‘బాసిల్లస్ సూడోమాలియై’ అని నామకరణం జరిగింది. మాలియై అంటే గ్లాండర్స్ క్రిమి. సూడో చేర్చితే దొంగ గ్లాండర్స్ అన్నమాట. మన పౌండ్రక వాసుదేవుని వంటిది.

ఇక్కడ నాకొక విషయం గట్టిగా తోస్తుంది. ఆనాడు మార్ఫియా తాగుబోతు శవాన్ని కోసిన ఏ వైద్యుడైనా “సూది వల్ల రక్తం విషమించి పోయాడు” అని రాసి కాగితం మూసేయవచ్చు. అడిగేవాడెవడు? చుట్టాలు లేరు, డబ్బు లేదు, ఊరు లేదు. ఒక దొర మరణించి ఉంటే శోధించడంలో ఆశ్చర్యం లేదు. ఎవరికీ అక్కరలేని మనిషి దేహాన్ని ఇంత శ్రద్ధగా చదివారు చూడండి, అది నన్ను కదిలించింది.

కృష్ణస్వామి ఆ పనిని విడువలేదు. 1917లో, ఈసారి ఒక్కడి పేరుతోనే, అదే గెజెట్‌లో ఈ రోగాన్ని గూర్చి మళ్ళీ రాశాడు. అప్పటికి రంగూన్‌లో లెక్కకు వచ్చిన రోగులు 200 దాటారు. తరువాత బర్మా నుండి ఈ జబ్బు వార్తలు దాదాపు ఆగిపోయాయి. రోగం పోయిందా? పోలేదు. ఆ నేలా అదే, ఆ వానా అదే, ఆ బురదా అదే. చూసే కళ్ళు పోయాయి. దాదాపు వందేళ్ళ తరువాత, మన కాలంలో, యాంగోన్ వైద్యులు మళ్ళీ శ్రద్ధగా కల్చర్లు చేయడం మొదలుపెడితే అది మళ్ళీ కనబడింది. జబ్బుకు చాలాకాలం ‘విట్‌మోర్ వ్యాధి’ అనే పేరు చెలామణీ అయింది. అందులో కృష్ణస్వామి లేడు. వ్యాకరణంలో దీన్ని ఏకశేషం అంటారు. ఇద్దరుండవలసిన చోట ఒకరు మిగలడం. అయితే వ్యాకరణంలో మిగిలినవాడు పోయినవాడి అర్థాన్ని కూడా మోస్తాడు. ఇక్కడ ఆ న్యాయం జరిగినట్టు కనబడదు.

మెలియాయిడోసిస్ అనే పేరు మలయా నుండి వచ్చింది. కౌలాలంపూర్‌లోని వైద్య పరిశోధన సంస్థలో 1913లో ప్రయోగానికి పెంచుకునే జంతువులు గుంపులుగా చచ్చిపోయాయి. స్టాంటన్, ఫ్లెచర్ అనే ఇద్దరు వైద్యులు దాని వెంటపడి, అది రంగూన్ క్రిమేనని తేల్చి, 1921లో గ్రీకు మాటలతో ఈ పేరు కట్టారు. ‘మెలిస్’ గాడిదలకు వచ్చే రోగం, ‘ఎయిడోస్’ అంటే పోలిక, రూపం. ఈ ఎయిడోస్‌కూ మన ‘విద్’ ధాతువుకూ మూలం ఒకటేనని భాషాశాస్త్రం చెబుతుంది. చూడటం నుండి ఒకరికి రూపం పుట్టింది, మనకు వేదం పుట్టింది. క్రిమి పేరు మాత్రం ఆ తరువాత చాలాసార్లు మారింది; చివరకు 1992లో బర్ఖోల్డేరియా సూడోమాలియై అని స్థిరపడింది. ఉల్లిపాయ కుళ్ళును పరిశోధించిన వాల్టర్ బర్ఖోల్డర్ అనే అమెరికా సస్యవైద్యుని పేరు అది. ఉల్లి కుళ్ళబెట్టే క్రిమీ, మనిషిని కుళ్ళబెట్టే ఈ క్రిమీ దగ్గరి చుట్టాలట.

స్టాంటన్, ఫ్లెచర్ 1932లో సమగ్ర గ్రంథమే వెలువరించారు గాని, ఎలుకల ద్వారా వస్తుందేమోనన్న అనుమానంలో ఉండిపోయారు. అసలు నివాసం ఎక్కడో ఫ్రెంచి ఇండోచైనాలో తేలింది. 1955లో షాంబోన్ అనే శాస్త్రవేత్త అక్కడి బురద నుండి, నీటి నుండి ఈ క్రిమిని పట్టుకున్నాడు. ఇది మనిషి రోగం కాదు, గుర్రం రోగం కాదు, మట్టిలో బ్రతికే జీవి. వరిమడి బురద దానికి పుట్టిల్లు. కాలి పగుళ్ళ ద్వారా, గాయాల ద్వారా, తాగిన నీటి ద్వారా, గాలివానలో పీల్చిన తుంపర ద్వారా లోపలికి వస్తుంది. ఆరోగ్యవంతుడిలో చాలావరకు ఏమీ చేయదు. మధుమేహం ఉన్నవాడు, మూత్రపిండాలు చెడ్డవాడు, అతిగా తాగేవాడు దొరికితే విజృంభిస్తుంది.

మరొక చిత్రమైన గుణం, ఏళ్ళ తరబడి ఒంట్లో దాగి ఉండగలగడం. వియత్నాం యుద్ధంలో 1973 నాటికి 343 మంది అమెరికా సైనికులకు ఈ జబ్బు తేలింది. ఇంటికి వెళ్ళిన ఎన్నో ఏళ్ళకు కొందరిలో బయటపడితే ‘వియత్నాం టైంబాంబు’ అని పేరు పెట్టారు. రెండవ ప్రపంచయుద్ధంలో జపానువారికి ఖైదీగా చిక్కిన ఒక అమెరికనుకు 62 ఏళ్ళ తరువాత చేతి మీద పుండుగా బయటపడిందని 2005లో వైద్యపత్రికలో వచ్చింది. మన పురాణాలలో శాపాలకు కూడా ఇంత గడువు అరుదు.

ఇక బల్ల సంగతికి వస్తాను. ఈ క్రిమి ఎక్కువగా కూర్చునేది ఊపిరితిత్తులలో, న్యుమోనియాలా వస్తుంది. కానీ కాలేయానికీ ప్లీహానికీ దానికొక ప్రత్యేక ప్రీతి ఉంది. మామూలు క్రిములు ప్లీహంలో గడ్డ కట్టించడం అరుదు. కట్టించినా ఒకటి, మహా అయితే రెండు పెద్ద గడ్డలు. ఇది కట్టించేవి సాధారణంగా చిన్నవి, అనేకం. అల్ట్రాసౌండ్‌లో ప్లీహం నిండా నల్లని చుక్కలు కనబడతాయి. ఈశాన్య థాయిలాండ్‌లో, వరి పండించే ఉబోన్ రాచథానీ ప్రాంతంలో, మధుమేహమున్న రైతు జ్వరంతో వచ్చి స్కానింగులో ప్లీహం ఇలా కనబడితే, కాదని తేలేదాకా మెలియాయిడోసిస్ అనే భావించి మందు మొదలుపెడతారు. మన దగ్గర అదే చిత్రం చూస్తే మొట్టమొదట తట్టే మాట క్షయ. అదీ న్యాయమే, మన దేశంలో క్షయ ఎక్కువ, అదీ ప్లీహంలో ఇలాగే చుక్కలు పెడుతుంది, అదీ సాయంత్రపు జ్వరంతో, బరువు తగ్గడంతోనే వస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. క్షయ మందులతో ఈ జబ్బు తగ్గదు. మధ్యలో పోయే నెలలు తిరిగి రావు.

మూడేళ్ళ క్రితం ఈ చిక్కును నేను దగ్గరగా చూశాను. ఎర్రకాలువ కింద నాలుగెకరాల వరి చేసే ఒక రైతు, నా దగ్గర ఎనిమిదవ తరగతి చదివినవాడు, యాభై దాటినవాడు. షుగరు ఉంది. ఊడ్పులు అయిన నెలకు జ్వరం పట్టుకుంది. మొదట టైఫాయిడ్ అన్నారు, సూదులు పొడిచారు. కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ వచ్చింది. మనిషి సగమయ్యాడు. ఎడమ డొక్కలో నొప్పి. స్కానింగు తీస్తే ప్లీహంలో గడ్డలని వచ్చింది. క్షయ మందులు మొదలుపెట్టారు. నేను చూడబోతే మంచం మీద నుండి లేవలేక, నవ్వడానికి ప్రయత్నిస్తూ, “బల్లంటండీ మాస్టారూ. మా తాతకొచ్చిన బల్ల నాకూ వచ్చిందండి” అన్నాడు. వాళ్ళావిడ గుమ్మం దగ్గర నిలబడి, “ఆరు నెలలు మింగాలన్నారండి. అప్పటిదాకా ఆగుతాడంటారా?” అని అడిగింది. నాకు సమాధానం తోచలేదు.

క్షయ మందులు నెల దాటినా జ్వరం దిగకపోతే పట్నంలో ఒక పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. అక్కడ రక్తం తీసి కల్చరుకు పెట్టారు. మొదటి కాగితంలో ‘సూడోమోనాస్ జాతి’ అని మాత్రమే వచ్చిందట. దాన్ని పట్టుకుని ఆగిపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. ప్రయోగశాలలో పనిచేసే ఒక చిన్నవయసు వైద్యురాలు ఆ కాగితం మీద ఒక వైరుధ్యం గమనించింది. తరువాత వాళ్ళబ్బాయి నాకు చెప్పిన దాన్ని బట్టి ఆమె వార్డుకు ఫోను చేసి అడిగిన మొదటి ప్రశ్న: “ఈయన ఏం పని చేస్తారు?”

ఆమె గమనించిన వైరుధ్యమేమిటో చెప్పాలి. రోగనిర్ణయ రహస్యమంతా అందులోనే ఉంది. కల్చరులో పెరిగిన క్రిమి మీద రకరకాల మందుల బిళ్ళలు పెట్టి ఏ మందుకు చస్తుందో చూస్తారు. మామూలు సూడోమోనాస్ సాధారణంగా జెంటామైసిన్‌కు లొంగుతుంది, కో-అమాక్సిక్లావ్‌కు లొంగదు. ఈ క్రిమి సరిగ్గా తలకిందులు: జెంటామైసిన్‌కూ కొలిస్టిన్‌కూ చెక్కుచెదరదు, కో-అమాక్సిక్లావ్‌కు లొంగుతుంది. రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే రెండు కొసలూ ముదురుగా, నడుమ లేతగా, పిన్నీసులా కనబడుతుంది. ఈ మూడు నాలుగు గుర్తులు కలిసినప్పుడు అనుమానం రావాలి. ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్‌కు చెందిన ఆష్‌డౌన్ 1979లో దీనికోసమే ఒక ప్రత్యేక మాధ్యమం తయారుచేశాడు. అందులో జెంటామైసిన్ కలిపి ఉంచితే తక్కిన క్రిములు చాలావరకు చచ్చి, ఇది మాత్రం ఊదారంగులో, ముడతలు పడిన ఎండు పువ్వులా పైకి వస్తుంది. దానికి మట్టివాసన ఉంటుందట. కానీ వాసన చూడవద్దని ప్రయోగశాలలకు గట్టిగా హెచ్చరిక. పీలిస్తే చూసినవాడికే సోకవచ్చు.

మరొక చిక్కు, కల్చరు కూడా ప్రతిసారీ పట్టుకోలేదు. నిజంగా జబ్బున్నవారిలో నూటికి అరవై మందిలోనే కల్చరులో దొరుకుతుందని ఒక అంచనా. అందుకే రక్తం ఒక్కటే సరిపోదు. చీము, మూత్రం, కఫం, గొంతులో తుడిచిన దూది అన్నీ పంపాలి, ఒకసారి రాకపోతే మళ్ళీ పంపాలి, ప్లేటును రెండో రోజే పారేయకుండా నాలుగైదు రోజులు ఉంచాలి. రక్తంలో ప్రతిరక్షకాలు చూసే పరీక్ష ఇలాంటి ఊళ్ళలో అంతగా పనికిరాదు. బురదలో పెరిగినవాడికి జబ్బు లేకపోయినా అవి ఉండవచ్చు. ఇంతకూ తెలిసేదేమంటే, అడగనిదే ఈ క్రిమి జవాబు చెప్పదు. వైద్యుడు కాగితం మీద ‘వరి రైతు, మధుమేహం, మెలియాయిడోసిస్ అనుమానం’ అని నాలుగు మాటలు రాస్తే ప్రయోగశాల చూసే తీరే మారిపోతుంది.

పేరు తెలిశాక దారి ఉంది. 1989లో ఉబోన్‌లో జరిగిన ప్రయోగంలో సెఫ్టాజిడిం అనే మందు వాడితే తీవ్రమైన జబ్బులో మరణాలు నూటికి 74 నుండి 37కు, అంటే సగానికి, తగ్గాయి. వైద్యంలో ఒకే దెబ్బకు ఇంత తేడా రావడం తరచు జరిగేది కాదు. ఆ మందుగాని, మెరోపెనెం గాని కనీసం రెండు వారాలు, లోపల గడ్డలుంటే ఇంకా ఎక్కువ, నరంలోకి ఇవ్వాలి. ఆ తరువాత కనీసం మూడు నెలలు కో-ట్రైమాక్సజోల్ మాత్రలు. మనం సెప్ట్రాన్ అని పిలుచుకునే చవక మాత్రే అది. ప్లీహంలోని చిన్న గడ్డలు చాలావరకు మందులతోనే కరిగిపోతాయి, కోత అవసరం రాదు. మాత్రలు మధ్యలో మానేస్తే మాత్రం జబ్బు తిరగబెట్టవచ్చు. మా రైతు నాలుగు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు, తరువాత మాత్రలు ఒక్కపూట తప్పకుండా మింగాడు. వాళ్ళావిడ క్యాలెండరు మీద రోజూ సున్న చుట్టేది. ఆ క్యాలెండరు నేను చూశాను.

భారతదేశంలో ఈ జబ్బు 1991లో ముంబయిలో ఒక బిడ్డలో గుర్తించినట్లు ప్రకటించారు. రంగూన్‌లో కనిపెట్టిన 80 ఏళ్ళకు! బర్మా 1937 వరకు బ్రిటిషు ఇండియాలో భాగమేనని గుర్తుంచుకుంటే ఇంకా వింతగా ఉంటుంది. ఒక ప్రభుత్వం కింద, ఒకే గెజెట్ చదివే వైద్యులు, రేవుకు అటువైపు చూసినదాన్ని ఇటువైపు చూడలేదు. తరువాత వేలూరు, మణిపాల్ వంటి చోట్ల ప్రయోగశాలలు శ్రద్ధ పెట్టడంతో దక్షిణాదిలో, ముఖ్యంగా పడమటి తీరంలో, రోగులు వరుసగా బయటపడ్డారు. అంటే పడమటి తీరంలో రోగం ఎక్కువ, మన తీరంలో తక్కువ అని కాదు, అక్కడ వెతికారు. 2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 1,65,000 మందికి ఈ జబ్బు వస్తోంది, 89,000 మంది చనిపోతున్నారు, మొత్తం భారంలో 44 శాతం దక్షిణాసియాదే. అంచనా అంచనాయే. కానీ ఆసుపత్రి పుస్తకాలకెక్కే సంఖ్యకూ దీనికీ మధ్య ఉన్న అగాధంలో ఎందరు క్షయ పేరుతో, విషజ్వరం పేరుతో పోతున్నారో ఊహించుకోవలసిందే.

తెలుగు పత్రికలలో ఈ మాట పెద్దక్షరాలతో కనబడింది 2025 సెప్టెంబరులో. గుంటూరు దగ్గర తురకపాలెం అనే పల్లెలో కొద్ది నెలల్లో ఇరవైమందికి పైగా చనిపోయారన్న వార్తతో ప్రభుత్వం కదిలింది. మెలియాయిడోసిస్ అనుమానించారు, వైద్య శిబిరాలు పెట్టారు, రక్తం, మట్టి, నీరు నమూనాలు తీశారు, ఊరి నీరు వాడవద్దన్నారు. తరువాత అక్కడి భూగర్భజలంలో యురేనియం ఉందన్న వార్తా వచ్చింది. ఆ మరణాలన్నిటికీ ఒకే కారణం అంటగట్టడం సాహసం. చనిపోయినవారిని పరీక్షించకుండా కారణం తేల్చడం ఎవరి తరమూ కాదు. 1911లో రంగూన్‌లో శవాలను తెరిచి చూసిన ఇద్దరు మనుషులు ఉన్నారు. మన పల్లెల్లో మరణం జరిగిన పూటకే దహనమో ఖననమో అయిపోతుంది, కారణం చుట్టాల నోటిమాటగా మిగులుతుంది. తురకపాలెం వల్ల జరిగిన మేలు ఒకటే: మా ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర కూడా ఇప్పుడు ఆ పేరు వినబడుతోంది. నోరు తిరగక ‘మెల్లాయిడో’ అంటున్నారు. అయినా ఫరవాలేదు. పలుకుబడి సంగతి నేను చూసుకుంటాను, పేరు తలపుకు వస్తే చాలు.

మా రైతు ఈ యేడు సార్వాకు కూడా తనే ఊడ్పులు పెట్టించాడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు కొన్నాడు. కూలీలు నవ్వారట, బూట్లలో బురద నిండి కాలు పైకి రావడం లేదని. రెండు రోజులు వేసుకుని మూడో రోజు గట్టు మీద విడిచి దిగాడని వాళ్ళావిడ వచ్చి నాతో ఫిర్యాదు చేసింది. “మీరు చెబితే వింటాడండి మాస్టారూ” అంది. సాయంత్రం చేను దగ్గరికి వెళ్ళాను. గట్టు మీద బూట్లు బోర్లించి ఉన్నాయి, మనిషి మడిలో ఉన్నాడు.